మిరక్కాయ తొడిమల పెరుగు

"తోడు ఉండాదా అక్కా?" అనింది.

"లేదమ్మీ" అంటి.

"సరేలే. ఉంటే ఇయ్యవా ఏంది" అనుకుంటా పాయె.

అంతే. మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు. రాసుకున్యావా పాపా? ఇంగ ఇది గూడా రాయి. తోడు ఉండాది. పొయ్యి పక్కన సట్టి నిండా ఉండాది, పైన మీగడ కట్టి. నేనే లేదని చెప్పినా.

నాకు రాయను రాదు, చదవను రాదు. రేషన్ కాడ వేలిముద్ర ఏసేదాన్ని. అందుకే కూతురి కూతురివి నిన్ను కూచోబెట్టి చెప్తాండా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నడుమ నడుమ మంచి మాటలు ఏసి నన్ను మంచిదాన్ని చెయ్యొద్దు.

ఆ తోడు అడిగినామె మా పక్కింటామె. ముందర అంగడి, వెనక ఇల్లు. ఈదిలో అందరూ అంగడామె అనే అంటారు. రెండిండ్ల మధ్య నడుమెత్తు గోడ. నలభై ఏండ్లు ఆ గోడ మీద నుంచే తోడు, కరేపాకు, తిట్లు, అన్నీ పోతా వస్తా ఉండె. మా పాలు ఇరిగితే ఆమె తోడు ఇచ్చేది. ఆమె పెరుగు పులిసి పాడైతే నేనిచ్చేదాన్ని. ఎవురి పెరుగు ఎవురిదో పెరుగుకే తెలీదు.

ఆ అడిగిన పొద్దు, కరోనాకు అన్నీ మూసి మల్లా తెరిచిన దినాలు. మూసినప్పుడు నాకంత భయం లేదు. తలుపేసుకోని కూచుంటే అయిపాయె. తెరిచినాకనే భయం. ఎవురు యాడికి పోయొచ్చినారో, ఏం ముట్టుకున్యారో ఎట్ల తెలుస్తాది? పొద్దున ఆరు నుంచి పదకొండు దాంకా అంగళ్ళు తీసేటోళ్ళు. ముందర సున్నంతో గుండ్రాలు గీసినారు, మనిషికొక గుండ్రం. మా కోడలు కొత్తిమీర కట్టను గూడా సబ్బు పెట్టి కడిగింది. ఆ పొద్దు చారు నురగొచ్చె. నవ్వను గూడా భయమై అట్లనే తాగితిమి.

రాతి పాలిష్ మిషన్లు సగం మందితో మొదలైనాయి. రెండు నెల్లు ఆ కూత లేక చెవులు ఖాళీగా ఉండె. మొదటి దినం కొడుకు పన్లోకి పోతాంటే వానెనకాలే ఈది చివర దాంకా పోయినా. పోవద్దురా అనలేక నిలబడితి. మూతికి గుడ్డ కట్టేది మాకు కొత్తేం గాదు. మా ఆయన బతికినన్నాళ్ళూ రాతిదుమ్ముకు టవాలు కట్టుకున్యాడు. కట్టుకున్యా గూడా ఆ దుమ్మే ఆయన్ను తీస్కపాయె. అందుకే గుడ్డ మీద నాకు నమ్మకం తక్కువ.

అంగడామె కొడుకు సరుకులకని కర్నూలు పోయొచ్చినాడు. మూడో దినానికి జరం. దగ్గు గోడ దాటి వినపడతాండె. "అత్తా, ఆ గోడ కాడికి పోవద్దు" అని మా కోడలు చెప్పింది. చెప్పకపోయినా నేను పోను. అంతలో ఆమే గిన్నె పట్టుకోని వచ్చె. వానికి నోట్లో ఏం పోవడంలేదు, మజ్జిగన్నం ఒక్కటే అడుగుతాండాడు, మా తోడు పాడైపాయె అనింది. ఆమె చెయ్యి గోడ మీద ఉండాది. నేను ఆ చెయ్యినే చూస్తాంటి, ఆమె మొగం చూడలే. ఇంగ మా నడుమ జరిగిన మాటలు మొదట్లోనే చెప్పినా.

ఆమె అడిగిపోయిన నాలుగో దినం ఆసుపత్రి తెల్లబండి వచ్చె. కొడుకు కోసమనుకుంటిమి. ఆమెను ఎక్కించుకోని పోయిరి. కొడుకు ఇంట్లోనే లేచి తిరిగినాడు. ఆమె మాత్రం రాలే. పీనుగ గూడా రాలే.

వాళ్ళ వాకిటికి కట్టెలు అడ్డం కట్టినారు, తెల్లపొడి చల్లినారు. గడువు దినాలు అయినాక కట్టెలు ఇప్పినారు. అంగడామె కోడలు అంగడి తెరిచింది. ఎవురూ పోలే. పాపం, మొగుడు ఇంగా నీరసంగా ఉండాడని ఆ పిల్లే కూచునేది. జనాలు ఆ అంగడి దాటుకోని రెండీదుల అవతలకు పోయి ఉప్పు తెచ్చుకునిరి. దాటేటప్పుడు ఊపిరి బిగబట్టేటోళ్ళు. గోడకు ఇవతల ఉండి నేనూ బిగబట్టినా. ఆ పిల్ల త్రాసు తుడుస్తా కూచునేది. ఎవురూ రాని త్రాసును ఎన్నిసార్లు తుడుస్తాది?

అట్ల మూడు దినాలు చూసినా. మూడో దినం మా జేజి గుర్తుకొచ్చె. జేజి అంటే మా నాయన వాళ్ళమ్మ.

అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో. మా ఊరు బేతంచెర్లకు ఇవతల, నాపరాళ్ళ గుంతల నడుమ. గోడలు రాయే, కప్పు రాయే, ఎండాకాలం ఇల్లు పెనం మాదిరి కాలేది. రాళ్ళు కొట్టే ఆయప్ప ఒకడు శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయి వచ్చినాడు. వచ్చిన మూడో దినానికి ఆయప్ప పెండ్లానికి వాంతిబేదులు. పొద్దున మొదలై పొద్దు గూకేలోపల పాయె. దాని ఎనకాలే వాళ్ళత్త. ఆ తరవాత మా ఈదిలో ఇద్దరు.

"దేవుని కాడికి పోయి మారెమ్మను చంకనేసుకోని వచ్చినాడు" అని ఊరంతా ఆయప్పను తిట్టింది. మాయమ్మా తిట్టింది. వాళ్ళు తిడితే మాకు రాళ్ళు ఏసేదానికి లైసెన్సు. మేం పిల్లోళ్ళం గులకరాళ్ళు ఏసినాము.

పెద్దోళ్ళు కూచోని, ఊరు చల్లార్చి పోదామనిరి. చల్లార్చేది అంటే, ప్రతి ఇంట్లో పొయ్యిలో నీళ్ళు పోసి, కుండలు బోర్లిచ్చి, నిప్పురవ్వ అనేది లేకుండా చేసి ఊరంతా పొలాల్లోకి పోవల్ల. పొగ రాని ఊర్లో మారెమ్మకు పని ఉండదు, విసుక్కోని ఆమే పోతాదని.

నిప్పు ఆర్పేది అంటే మాకు చిన్న పని గాదు పాపా. ఇప్పటి మాదిరి ఇట్ల తిప్పితే అట్ల మండేది గాదు. అగ్గిపెట్టెలు ఉన్నా వాటిని దాచుకునేటోళ్ళు. సాయంత్రం నిప్పు మీద బూడిద కప్పితే పొద్దున దాంకా లోపల ఎర్రగా ఉండేది. ఎవురింట్లోనన్నా చల్లారితే పిడక తీస్కోని పక్కింటికి పోయి ముట్టిచ్చుకోని వచ్చేటోళ్ళు. బూడిద కప్పేది మా ఇంట్లో నా పని. జేజి నేర్పింది. "పొయ్యి చల్లారితే ఇల్లు చల్లారినట్టే మే" అనేది.

బయల్దేరేటప్పుడు మాయమ్మ తమ్ముణ్ణి చంకనేసుకోని, "పొయ్యిలో నీళ్ళు పోసి రా" అని నన్ను పంపింది. చెంబు ఎత్తుకోని పొయ్యి ముందర కూచుంటి. నాకు చెయ్యి రాలే. రోజూ కాపాడమనిరి, ఈ పొద్దు చంపమంటాండారు. చెంబులో నీళ్ళు నేనే తాగి, నిప్పు మీద బూడిద కప్పి బయటికి వస్తి.

"పోసినావా?" అని జేజి అడిగె.

"పోసినా."

పొలాల్లో జొన్నసొప్పతో కొట్టాలు ఏసినారు. నిజం చెప్పాలంటే మాకు పండగే. బడి లేదు, కసువు ఊడ్చేది లేదు. పచ్చిశెనగ చెట్లు పెరికి, అగ్గిపుల్లతో ఏసిన మంటలో కాల్చి, మూతులు నల్లగా చేసుకోని తినేటోళ్ళం. జొన్నరొట్టె, దాంట్లోకి ఊరిబిండి పచ్చడి, ఎప్పుడన్నా ఉలవచారు. సొప్ప ఎండకు కాగితే ఒక తియ్యటి వాసన వస్తాది, ఇప్పటికీ యాడన్నా ఆ వాసన తగిల్తే నాకు ఆకలయితాది. పెద్దోళ్ళు మాత్రం ఒకరి కొట్టంలోకి ఒకరు పోకుండా దూరం నుంచే అరుచుకుంటా మాట్లాడేటోళ్ళు. "ఓ వదినా, మీ ఇంట్లో అందరూ సరిగా తింటాండారా?" అంటే, "తింటాండారు, నీ కండ్లు పడకుంటే సాలు" అని జవాబు.

రాళ్ళు కొట్టే ఆయప్ప దూరంగా రాళ్ళగుంత ఒడ్డున ఒక్కడే ఉండె. మా జేజి దినామూ ఒక బండ మీద రొట్టె పెట్టి, "ఏమప్పా, కుక్క ముందా నువ్వు ముందా?" అని అరిచి వచ్చేది. మాయమ్మకు అది సరిపోయేది గాదు.

అట్లుండంగా మా తమ్మునికి కక్కుళ్ళు పట్టె. మూడేండ్ల పిల్లోడు, ఒక్క పొద్దుకే కండ్లు లోపలికి పాయె. మాయమ్మ ఏడ్సేది ఆపి ఊరికే కూచుండె, అది ఇంగా భయం. నాకు తెలుసు ఎందుకు వచ్చిందో. మా పొయ్యిలో నిప్పు ఉండాది గదా. ఆయమ్మ ఊరంతా చీకటిగా ఉంటే మా ఇంట్లో చలి కాచుకోని, మల్లా మా ఎనకాలే వచ్చింది. ఎవురికి చెప్పల్ల? చెప్తే చంపుతారు. చెప్పకపోతే వాడు సస్తాడు. జేజి ఉప్పేసిన గంజి చుక్క చుక్క వాని నోట్లో పోస్తాండె. నేను కొట్టం బయట కూచోని, నా తప్పుకు దండగని నా రొట్టె కుక్కకేస్తి. నాలుగు దినాలు ఏసినా. ఐదో దినం వాడు లేచి నా రొట్టె కోసమే ఏడ్సె.

వాడు బతికినాడు గానీ నా కడుపులో రాయి అట్లనే ఉండె.

రెండు అమావాస్యలు దాటె. సావులు ఆగిపాయె. ఒక జల్లు పడి సొప్ప కొట్టాలు కారె. ఇంగ ఊర్లోకి పోదామని మూటలు కట్టుకోని అందరూ పొలిమేర దాంకా వచ్చిరి. వచ్చి నిలబడిరి. ఒక్క కాలు గూడా ముందుకు పడలే. ఊరు ఎదురుగానే ఉండాది, మా ఇండ్లే, మా వాకిండ్లే. ఎద్దులు గూడా కదలకపాయె.

ఒక పెద్దాయన గొంతు సవరిచ్చుకోని, "పొలంలో మంట ఊర్లోకి తేగూడదు. ముందు ఒక ముండమోపి పోయి చెకుముకితో కొత్త నిప్పు పుట్టియ్యల్ల. ఆనవాయితీ" అనె. అని మా జేజి దిక్కు చూసె.

జేజి ముక్కుపొడి పీల్చి, "ఏమప్పా, నీ కొడుకు పెండ్లికి పోయేటప్పుడు నేను ఎదురొస్తే శకునం బాగలేదని ఎనక్కి పోయి, చెప్పులిడిసి గడప మీద కూచుంటివి. ఇప్పుడు నా మొగం మంచిదయ్యెనా?" అనె.

ఎనక నుంచి ఎవురో నవ్విరి.

"పోతాలే. నా కాడ పోయేదానికి ఏముండాది, ఈ ముక్కుపొడి డబ్బీ తప్ప" అని కట్టె పట్టుకోని పాయె. మేమంతా చూస్తా ఉంటిమి. కొంచేపటికి మల్లా బయటికొచ్చి, "పాపను పంపండి. నాకు కండ్లు కనపడవు, చెకుముకి కొట్టను చేతగాదు" అని అరిచె.

"నా బిడ్డను పంపను" అని మాయమ్మ నా జుట్టు పట్టుకునె.

"నీ బిడ్డ నాకేమీ గాదా మే? ఇడువు."

మాయమ్మ ఇడిసె. నేను పోతి.

ఈదుల్లో గడ్డి మొలిసుండాది. మూసిన ఇండ్ల వాసన, తడిసి ఎండిన గోనెసంచి మాదిరి. జేజి నన్ను మొదట మా ఇంటికే తీస్కపాయె. పొయ్యి ముందర కూచోబెట్టి, బూడిదలో వేలు పెట్టి నా కండ్ల ముందర రుద్దె.

"నీళ్ళు పడింటే గడ్డకట్టి ఉండల్ల. ఇది పిండి మాదిరి ఉండాది."

నేను ఏడిస్తి. "తమ్మునికి అందుకేనా జేజీ?"

"ఛీ, ఆ నిప్పు రెండో పొద్దుకే సచ్చింటాది. వాడు వంకలో మురికినీళ్ళు తాగినాడు."

"మరి నన్నెందుకు పిలిస్తివి?"

"ఊరంతా భయపడి ఆడ నిలబడిరి. భయపడి అబద్ధం గూడా ఆడినదానివి నువ్వే. అందుకని నువ్వు ముందు నడువు."

చెకుముకి మా ఇంట్లో కొడతాదేమో అనుకుంటి. కాదు. రాళ్ళు కొట్టే ఆయప్ప ఇంటికి తీస్కపాయె. ఆడే కొట్టె. కండ్లు కనపడవనిందా, రెండో దెబ్బకే దూది అంటుకునె. ఆయప్ప ఎప్పుడొచ్చినాడో తెలీదు, వాకిలి అవతల నిలబడుకోనుండాడు. లోపలికి రావల్నో వద్దో తెలీక తన ఇంటి వాకిట్లోనే తను బిచ్చగాని మాదిరి నిలబడినాడు. "పిడక తే అప్పా, గుడ్లప్పగిచ్చి చూస్తాండావు" అని జేజి గసిరె. తెచ్చినాడు. ముట్టిచ్చి నా చేతికిచ్చినాడు. "పైలం తల్లీ, గాలికి ఆరిపోతాది" అనినాడు. నేను గులకరాళ్ళు ఏసింది ఆయప్పకు తెలుసు.

పొగ కారతా ఉన్న పిడక పట్టుకోని ఈది నడుమ నడిస్తి. పొలిమేర కాడ నుంచి మాయమ్మ చూసి, "ఎవురింటి అగ్గే అది? పారెయ్!" అని కేకలు పెట్టె.

"పారేస్తే పచ్చిపిండి తినండి అందరూ. ఈ ఊర్లో ఇంగ ఈ ఒక్క ఇంట్లోనే అగ్గి ఉండాది. కావల్సినోళ్ళు ఈ వాకిట్లోకి రండి" అని జేజి ఆడినుంచే అరిచె.

నేను తీస్కపోయి మా పొయ్యిలో పెట్టి, పుల్లలేసి ఊదితి. మాయమ్మ వచ్చె. గడపలో శానాసేపు నిలబడె. బోర్లిచ్చిన కుండ ఎత్తి, కడిగి, పొయ్యి మీద పెట్టె. ఆ మధ్యాన్నానికి ఊరంతా పిడకలు పట్టుకోని ఆయప్ప వాకిట్లో వరసగా నిలబడిరి. తిట్టినోళ్ళు, రొట్టె పెట్టొద్దన్నోళ్ళు, అందరూ.

ఆ ఊరు ఇప్పుడు లేదు. రాళ్ళగుంత తినేసింది. మా పొయ్యి ఉన్నచోట పచ్చనీళ్ళు నిలబడి ఉంటాయి, ఎవురూ దిగరు.

ఇంగ అంగడామె సంగతికి వస్తా.

నాలుగో పొద్దున లేచి, గిన్నె తీస్కోని, గోడ మీద నుంచి గాదు, ఈదిలోకి పోయి, వాళ్ళ అంగడి ముందర గుండ్రంలో నిలబడితి. "అత్తా, ఏంది ఇది?" అని మా కోడలు మిద్దె మీద నుంచి అరిచె. నేను తిరిగి చూడలే. పొలిమేర కాడి మాదిరే భయపడతానే నిలబడినా, రాసుకో. ధైర్యమేం గాదు.

ఆ పిల్ల త్రాసు కాడ నుంచి లేచె. "ఉప్పు కావల్నా పెద్దత్తా?"

"ఉప్పు గాదు. తోడు ఉండాదా?"

ఆ పిల్ల నా దిక్కు, గిన్నె దిక్కు చూసె. మూతికి గుడ్డ ఉండాది, కండ్లు మాత్రం కనపడతాండాయి. లోపలికి పోయి సట్టే ఎత్తుకొచ్చె. గిన్నెలో ఏస్తా చెప్పె.

"ఆ పొద్దు నీ కాడ గూడా లేదన్నావంట గదా. మా అత్త వేడిపాలల్లో ఎండుమిరక్కాయ తొడిమలు ఏసి తోడుపెట్టింది పెద్దత్తా. తోడుకుంటాదా ఇదేమన్నా అంటే, మా పుట్టింట్లో ఇట్లనే చేస్తాంటిమి, చూడు అనింది. తోడుకునింది. అప్పటినుంచి అదే నడుస్తాండాది. బండి ఎక్కేటప్పుడు గూడా నాకు ఒక మాట చెప్పింది. పాపం పక్కింట్లో అక్కకు గూడా తోడు లేదు, రోంత గిన్నెలో ఏసి గోడ మీద పెట్టు అని. నాకే భయమై పెట్టలే. ఎవురన్నా ఏమన్నా అంటారేమోనని."

ఆడ నిలబడే వేలితో రోంత తీసి నాకితి. కారమేం లేదు. మామూలు పెరుగే, కొంచెం తియ్యగా ఉండాది. ఈదిలో నలుగురు చూస్తాండారు. చూడనీ అనుకుంటి. గిన్నె తీస్కోని ఇంటికొచ్చి, మా సట్టిలో ఉన్న పెరుగంతా చెట్టుకు పోసి, పాలు కాగబెట్టి దీనితోనే తోడేస్తి. మా కోడలు రెండు దినాలు తినలే. మూడో దినం మనమడు తింటాంటే తనూ తినె.

మర్నాడు ఎదురింటామె చింతపండుకని పోయి గుండ్రంలో నిలబడె. తరవాత ఇంగొకరు. ఇప్పుడు అంగడి బాగానే నడుస్తాండాది.

ఆ పిల్ల నన్ను ఇడిసిపెట్టదు. వచ్చినోళ్ళందరికీ, "ఈదిలో అందరికంటే ముందు వచ్చింది మా పెద్దత్తే, ఆమె రాకుంటే ఈ అంగడి లేదు" అని చెప్తాది. ఈ పొద్దున గూడా, ఎవురో కొత్త మనిషికి నన్ను చూపిచ్చి చెప్పింది. నేను తల ఊపితి. ఇంటికొచ్చి పాలు తోడేస్తాంటే నాకు కడుపులో పాత రాయి మల్లా కదిలె. అందుకే నిన్ను పిలిపిచ్చినా.

అంగడామెకు నా అబద్ధం తెలుసో తెలీదో నాకు తెలీదు. "ఉంటే ఇయ్యవా ఏంది" అని నమ్మి అనిందా, ఎత్తి పొడిసిందా? నలభై ఏండ్లు ఆ గొంతు విన్నా, ఆ ఒక్క మాట మాత్రం నాకు తేలడం లేదు. నమ్మే అనింటాది. అక్కకు లేదు, ఇయ్యి అని కోడలికి చెప్పింది గదా. అది ఇంగా బరువు.

రేపు పొద్దున తోడుకు పోయేటప్పుడు ఈ కాగితం ఆ పిల్ల చేతిలో పెడతా. ఆమె చదువుకున్న పిల్లే. చదివినాక తోడు ఇస్తే ఇస్తాది. లేదంటే, లేదనేదానికి ఆమెకు హక్కు ఉండాది. నేను మాత్రం గుండ్రంలో నిలబడే అడుగుతా.

ఇంగ సాలు. మొదట్నుంచి ఒకసారి చదివి వినిపియ్యి పాపా. గట్టిగా చదువు, నా చెవులు సరిగా వినపడవు. 'లేదమ్మీ' అన్న కాడ నువ్వు గొంతు తగ్గియ్యొద్దు. ఆ పొద్దు నేను తగ్గియ్యలే.